థీమ్ రెస్టారెంట్‌కి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లడం ఎలా?

చెన్నైలో థీమ్ రెస్టారెంట్లకు, అంటే ఏదో ఒక ఊహతో ముస్తాబు చేసిన హోటళ్లకు, కొదవలేదు. రోబోలు ప్లేట్లు మోసుకొచ్చే హోటల్ 2017లోనే ఓల్డ్ మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్) మీద తెరిచారు. కైదీ కిచెన్‌లో జైలు కటకటాల మధ్య కూర్చోబెట్టి, ఖైదీ బట్టల్లో వడ్డించారు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినా, పిల్లల పుట్టినరోజైనా మేం ఇలాంటిచోటికే వెళ్తాం. పక్క టేబుళ్ల దగ్గర ప్రతిసారీ ఒకటే చూస్తాను: పిల్లలు కేరింతలు కొడుతుంటారు, పెద్దవాళ్లు ఎప్పుడు లేద్దామా అని కూర్చుని ఉంటారు.

1. శని, ఆదివారాలు వద్దు. సాయంత్రం 7 కల్లా లోపల ఉండండి.

2. టేబుల్ ఫోన్‌లో మాట్లాడే బుక్ చేయండి. యాప్‌లో తగ్గింపు వస్తుందంటారు. రావచ్చు. కానీ ఏ కుర్చీ, ఏ మూల అన్నది యాప్ చెప్పదు.

3. టేబుల్ ఎంచుకోవడం. అందరూ చెడగొట్టుకునేది ఇక్కడే. ఒకసారి ఒకచోట, ఏ టేబుల్ అయితే ఏమిటిలే అని ఇచ్చినచోట కూర్చున్నాం. నాన్నకి మోకాళ్ల నొప్పులు. వీపు ఆనించుకోవడానికి లేని ఎత్తు స్టూలు, పైన ఎర్ర బల్బు. మెనూ కార్డు దగ్గరికి, దూరానికి జరిపి చూశారు. అమ్మ ఫోన్ లైటు వేస్తే కూడబలుక్కుని రెండు పేర్లు చదివి, కార్డు మూసేసి, "నాకు పెరుగన్నం చాలమ్మా" అన్నారు. అక్కడ పెరుగన్నం లేదు.

అప్పటి నుంచి ఫోన్‌లోనే అడుగుతాను: వీపున్న కుర్చీలున్నాయా, స్పీకర్ ఏ వైపు, మెట్లెన్ని, బాత్రూమ్ ఎంత దూరం? వెళ్లాక అందరికంటే ముందు నేను ఆ కుర్చీలో ఒక నిమిషం కూర్చుంటాను. ఏసీ గాలి మెడ మీద కొడితే టేబుల్ మార్చమంటాను. మొహమాటపడకండి, ఆర్డర్ ఇచ్చాక ఎవరూ మార్చరు.

చిన్నపిల్లలుంటే ఇంకో జాగ్రత్త. వేషం వేసుకున్న మనిషి గానీ రోబో గానీ వెనక నుంచి వచ్చిందంటే మూడేళ్ల పిల్లాడు జడుసుకుంటాడు, ఇక ముద్ద మింగడు. వాణ్ణి గోడ వైపు, దారి కనబడేలా కూర్చోబెట్టండి. దూరం నుంచి వస్తుంటే చూస్తూ అలవాటు పడతాడు, దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఊపుతాడు. దారి పక్క కుర్చీ మాత్రం పెద్దవాళ్లదే, వేడి పులుసు గిన్నెలు అటే వస్తాయి.

4. ముందు నాన్నగారికీ పిల్లాడికీ కావలసినవి ఆర్డర్ చెప్పేయండి. తక్కినవాళ్ల ఆర్డర్ పది నిమిషాలాగి ఇవ్వొచ్చు.

5. బిల్లు. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. సర్వీస్ చార్జ్ అని ఇంకోటి కలిపితే తీసేయమనండి. దాన్ని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. వాళ్లు తీయడానికి ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. నేను నెమ్మదిగా అడిగినప్పుడల్లా తీసేశారు.