కండోమ్‌ను సరిగా వాడే పద్ధతి
హైదరాబాద్ ఎండల్లో బండి డిక్కీలోనో పర్సులోనో నెలల తరబడి ఉంచిన కండోమ్‌ను నమ్మవద్దు. వేడికీ రాపిడికీ లేటెక్స్ (రబ్బరు) పొర బలహీనపడుతుంది. గడువు తేదీ చూసి, పొట్లాన్ని పళ్లతో కాక చేత్తో చింపి, అంగం గట్టిపడిన తర్వాత, కలయికకు ముందే, కొనను నొక్కి గాలి తీసి మొదలు వరకు తొడగాలి. కొబ్బరి నూనె, వాజెలిన్ లేటెక్స్‌ను దెబ్బతీస్తాయి కనుక నీటితో తయారైన జెల్ వాడాలి. చాలామందికి ఈ సంగతి ఎవరూ చెప్పరు, అందుకే నొక్కి చెబుతున్నాను. స్ఖలనం కాగానే, అంగం మెత్తబడకముందే, అంచు పట్టుకొని బయటకు తీయాలి. ప్రతిసారీ కొత్తది వాడాలి.

హెచ్ఐవీ నుంచీ, గనేరియా అనే సుఖవ్యాధి నుంచీ ఇది గట్టి రక్షణ ఇస్తుంది. సిఫిలిస్, హెర్పిస్ అనే సుఖవ్యాధులు మాత్రం కండోమ్ కప్పని చర్మం తగిలినా సోకవచ్చు. పుండు గానీ స్రావం గానీ కనిపిస్తే ఉస్మానియా, గాంధీ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో చూపించుకోవాలి. హెచ్ఐవీ గురించిన సందేహాలకు 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.