పాత రోలర్ కోస్టర్ ఉంచాలా తీసేయాలా అని వాదించే ముందు ఏమేం చూడాలి

పోయిన వేసవిలో మా బావ వాళ్లు వస్తే ఒక పార్కుకి తీసుకెళ్లాను. అక్కడున్న పాత చెక్క కోస్టర్‌లో మా బావ చివరి వరసలో కూర్చుని, దిగాక నడుం పట్టుకుని "ఇంత పాతదాన్ని ఇంకా ఎందుకు నడుపుతున్నారు, పీకేయొచ్చుగా" అన్నాడు. అదే మాట ఇంగ్లిష్‌లో ఇంకెవరో అంటే పక్కనున్న ఒక కోస్టర్ అభిమాని ఊరుకోలేదు, దీని మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఒప్పుకోం అంటూ వాదనకి దిగాడు. ఇద్దరిదీ నిజమైన బాధే. కానీ ఆ కోస్టర్‌లో ఏది పాడైంది, ఏది బాగానే ఉంది అన్నది ఇద్దరూ చూడలేదు. ఒహాయోలో ఉంటూ ఏటా సీజన్ పాస్ కొనుక్కునే నేను కూడా చాలాకాలం ఇలాగే వాదించేవాణ్ణి. తర్వాత ఒక పద్ధతి అలవాటైంది, అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు వయసు సంగతి పక్కన పెట్టండి

సిన్సినాటి దగ్గర మేసన్‌లో, మనవాళ్లు బాగానే ఉండే ఆ ఊళ్లోనే, కింగ్స్ ఐలాండ్ పార్కు ఉంది. అందులో ది బీస్ట్ 1979లో మొదలైంది. ట్రాక్ పొడవు 7,361 అడుగులు, అంటే రెండు కిలోమీటర్ల పైమాటే, ప్రపంచంలో ఇంతకంటే పొడవైన చెక్క కోస్టర్ లేదు. అదే పార్కులో 2000లో దానికి వారసుడిగా సన్ ఆఫ్ బీస్ట్ కట్టారు, 218 అడుగుల ఎత్తు, పైగా చెక్క కోస్టర్‌కి ఒక లూప్, అంటే రైలు గుండ్రంగా తలకిందులై తిరిగే చుట్టు, కూడా పెట్టారు. 2006 జులైలో దాని చట్రంలో ఒక దుంగ విరిగి, దాని మీదుగా వెళ్లిన రైల్లో 27 మందికి దెబ్బలు తగిలాయి. లూప్ తీసేశారు, తేలికైన రైళ్లు తెచ్చారు, 2007లో మళ్లీ తెరిచారు, 2009లో మూసేశారు, 2012లో కూల్చేశారు. తండ్రి ఇంకా నడుస్తూనే ఉంది, కొడుకు పట్టుమని పదేళ్లు నడవలేదు.

స్టీల్ కోస్టర్లలోనూ అంతే. న్యూజెర్సీలో 2005లో మొదలైన కింగ్డా కా 456 అడుగుల ఎత్తుతో అప్పట్లో ప్రపంచంలోనే ఎత్తైనది, దాన్ని 2025 ఫిబ్రవరిలో పేల్చి కూల్చేశారు. అటు న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో సైక్లోన్ అనే చెక్క కోస్టర్ 1927 నాటిది, ఇప్పటికీ జనం దాని కోసం వరసలో నిలబడతారు.

మన ఊళ్లలో గుడి రథం గుర్తు తెచ్చుకోండి. ఒక ఏడు చక్రం మారుస్తారు, ఇంకో ఏడు ఇరుసు, ఇంకెప్పుడో పై పలకలు. యాభై ఏళ్లలో పాత చెక్క ఎంత మిగిలిందో ఎవరూ లెక్కపెట్టరు, అది తాతల నాటి రథమే. చెక్క కోస్టర్ కూడా అలా మార్చుకుంటూ బతికేదే. ది బీస్ట్ ట్రాక్‌లో కూడా 1979 తర్వాత చాలాచోట్ల చెక్క మార్చారు. కాబట్టి ఎవరైనా "నలభై ఏళ్లది" అనగానే, చివరిసారి ఏ భాగం మార్చారు, ఎప్పుడు మార్చారు అని అడగండి. వాదన అక్కడి నుంచి మొదలుపెడితే దారిలో పడుతుంది.

కనీసం నాలుగుసార్లు ఎక్కండి

ఒక్కసారి ఎక్కి "రఫ్‌గా ఉంది" అనేయడం మనందరం చేసే తప్పు. ముందు వరసలో ఒకసారి, వెనక వరసలో ఒకసారి, పొద్దున ఒకసారి, రాత్రి పార్కు మూసే ముందు ఒకసారి ఎక్కండి. పొద్దున బేరింగ్‌లలో గ్రీజు చల్లగా ఉంటుంది, రైలు కాస్త బద్ధకంగా పోతుంది. రోజంతా తిరిగి వేడెక్కాక అదే రైలు అదే ట్రాక్ మీద బాగా వేగంగా పోతుంది, కుదుపులూ పెరుగుతాయి. వెనక వరసలో కూర్చుంటే, ముందు డబ్బాలు అప్పటికే కిందికి దిగుతూ మిమ్మల్ని గుట్ట మీదుగా లాగేస్తాయి కాబట్టి దెబ్బ ఎక్కువ. వాన పడి వెలిసిన రోజైతే అది కూడా రాసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, చక్రం మీది సీటా కాదా అన్నది. ప్లాట్‌ఫాం మీద నిలబడినప్పుడు రైలు పక్క నుంచి చూడండి. మూడు వరసల డబ్బా అయితే చక్రాలు ముందు, వెనక వరసల కింద ఉంటాయి, మధ్య వరస రెండు ఇరుసుల నడుమ పడుతుంది. అందుకే పాత చెక్క కోస్టర్లు తెలిసినవాళ్లు మధ్య వరస కోసం ఆగుతారు. మా బావని ఆ సాయంత్రం బతిమాలి మూడో డబ్బా మధ్య వరసలో ఎక్కించాను. దిగి ఇంకోసారి ఎక్కుదామన్నాడు. కోస్టర్ మారలేదు, రైలు కూడా అదే.

ఇప్పుడు కుదుపు ఎలాంటిదో వేరు చేసుకోవాలి. చెక్క కోస్టర్ ట్రాక్ అంటే పలకల మీద పలకలు పేర్చి బోల్టులు బిగించి, చక్రాలు దొర్లే చోట ఉక్కు పట్టీ వేసినది. డబ్బాకి పైన దొర్లే చక్రాలు, పక్కన రాసుకునే చక్రాలు, ట్రాక్ కింద నుంచి పట్టి ఉంచే చక్రాలు అని మూడు రకాలుంటాయి. గుట్ట దిగి మళ్లీ పైకి లేచే లోయల్లో, మలుపుల్లో బరువు బాగా పడుతుంది. అక్కడ పలకలు నలుగుతాయి, బోల్టులు వదులవుతాయి, రెండు పట్టాల మధ్య దూరం కొంచెం పెరుగుతుంది. అప్పుడు రైలు అటూ ఇటూ ఊగుతూ పోతుంది. ఒకేచోట దబ్‌మని గుంతలో పడ్డట్టు ఉంటే అక్కడి పలకలు అరిగాయని అనుమానించవచ్చు. మొదటి నుంచి చివరిదాకా ఒకే లయలో గడగడలాడుతుంటే ముందు చక్రాలని అనుమానించండి, ఎక్కడో ఒక చక్రం ఒకవైపు చదునుగా అరిగి ఉండొచ్చు. ఒకే కోస్టర్ మీద రెండు మూడు రైళ్లు తిరుగుతుంటాయి, ఆ గడగడ నీలం రైల్లో ఉండి ఎర్ర రైల్లో లేకపోతే ట్రాక్‌ని తిట్టి లాభం లేదు. ఏ రంగు రైలు ఎక్కారో రాసుకోమని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

స్టీల్ కోస్టర్లలో ఇంకో చిక్కుంది. 1970లు, 80లలో యారో అనే కంపెనీ కట్టిన లూప్ కోస్టర్లలో ఒక మలుపు నుంచి ఇంకో మలుపులోకి మారే చోట తల భుజాల మీది కడ్డీలకి కొట్టుకుంటుంది. చాలామంది దీన్ని పాతబడటం అనుకుంటారు, కానీ అందులో పెద్ద భాగం మొదటి రోజు నుంచీ ఉన్నదే. ఆ రోజుల్లో ట్రాక్ వంపు తిప్పే పద్ధతి అది. దీనికి మెయింటెనెన్స్ ఎంత చేసినా మందు కాదు, భుజాల మీద గట్టి కడ్డీలకి బదులు మెత్తని వెస్ట్‌లాంటివి ఉన్న కొత్త రైళ్లు తెస్తే కొంత ఊరట. యారో కంపెనీయే ఇప్పుడు లేదు, 2000ల మొదట్లో దివాలా తీస్తే దాని ఆస్తులు ఎస్ అండ్ ఎస్ కంపెనీ కొనుక్కుంది. అలాంటి కోస్టర్ గురించి వాదించేటప్పుడు విడిభాగాలు ఎక్కడి నుంచి వస్తాయి అన్న ప్రశ్న తప్పనిసరిగా వేసుకోవాలి. కింగ్స్ ఐలాండ్‌లో 1987 నాటి వోర్టెక్స్ యారోదే, 2019 అక్టోబర్‌లో చివరి రైలు నడిచింది. ఆరుసార్లు తలకిందులు చేసే ఆ కోస్టర్ నాకు చాలా ఇష్టం, అయినా అది వెళ్లిపోవడం న్యాయమేనని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

కళ్లతో చూడాల్సినవి

వరసలో నిలబడే ముప్పావుగంట ఫోన్ చూడకుండా చట్రం చూడండి. కొత్త చెక్క లేత పసుపుగా ఉంటుంది, పాతది బూడిద రంగుకి తిరుగుతుంది. మధ్యమధ్యలో లేత రంగు దుంగలు కనిపిస్తే ఆ పార్కు చలికాలంలో పని చేయిస్తోందన్నమాట, అది మంచి గుర్తు. చాలామంది అతుకులు చూసి భయపడతారు. అతుకు లేని పాత చెక్క కోస్టరే నన్ను భయపెడుతుంది. స్టీల్ కోస్టర్‌లో రంగు వెలిసిపోవడం, పొరలు లేవడం చూడటానికి బాగుండదు కానీ దానంతటది ప్రమాదం కాదు. కాంక్రీటు దిమ్మెలో స్తంభం దిగే చోట నీళ్లు నిలిచి తుప్పు పట్టిందా, వెల్డింగ్ దగ్గర గీత కనిపిస్తోందా అన్నవి పట్టించుకోవాల్సినవి.

ఇలాంటిది కనిపిస్తే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. 2023 జూన్ 30న షార్లెట్ దగ్గర కారోవిండ్స్ పార్కులో ఫ్యూరీ 325 అనే కోస్టర్ స్తంభం పైభాగం విరిగి, రైలు పోతుంటే కదలడం ఒక సందర్శకుడు గమనించి వీడియో తీశాడు. అది 2015లో మొదలైన కోస్టర్, అప్పటికి ఎనిమిదేళ్లదే. ఆపేశారు, స్తంభం మార్చారు, ఆగస్టులో మళ్లీ తెరిచారు. మీ కంటికి అలాంటిది పడితే వెంటనే దగ్గరున్న ఉద్యోగికి చెప్పండి, అతను తేలిగ్గా తీసుకుంటే గెస్ట్ సర్వీసెస్‌కి వెళ్లి ఫొటో చూపించండి, అక్కడా పని కాకపోతే ఆ రాష్ట్రంలో రైడ్లు తనిఖీ చేసే శాఖకి ఫోన్ చేయండి. మా ఒహాయోలో అది వ్యవసాయ శాఖ కింద ఉంటుంది. వీడియో అందరికీ పంచడం తర్వాత చూసుకోవచ్చు.

అలాగని కంటికి కనపడకపోతే అంతా బాగున్నట్టు కాదు. 2017 జులైలో కొలంబస్‌లో ఒహాయో స్టేట్ ఫెయిర్‌లో ఫైర్ బాల్ అనే రైడ్ విరిగిపడి ఒక కుర్రాడు చనిపోయాడు. అది కోస్టర్ కాదు, మన ఎగ్జిబిషన్లలో ఉండే రైడ్ల లాంటిదే. ఉక్కు దూలం లోపలి వైపు తుప్పు తినేయడం దానికి కారణమని తయారీదారు చెప్పారు. పైన రంగు బాగానే ఉండి లోపల పలచబడిపోవడమన్నమాట. అందుకే అల్ట్రాసౌండ్‌తో, అయస్కాంత పొడితో, రంగు ద్రవంతో పగుళ్లు వెతికే పరీక్షలుంటాయి. పార్కు ఆ పరీక్షలు చేయిస్తోందా అన్నది మన వాదనలో పెద్ద ప్రశ్న కావాలి. "రఫ్" వేరు, "ప్రమాదం" వేరు. నడుం నొప్పి వస్తే రఫ్ అనండి. ఆధారం లేకుండా ప్రమాదం అనే మాట వాడకండి, ఎందుకంటే నిజంగా ప్రమాదం ఉన్న రోజున ఆ మాట ఎవరూ నమ్మరు.

ఇక ఏం చేయమని అడగాలి

ఉంచడం, కూల్చడం అని రెండే దారులు ఉన్నట్టు వాదిస్తాం. మధ్యలో చాలా ఉన్నాయి.

మొదటిది రీట్రాకింగ్, అంటే అరిగిన చోట పలకలు విప్పి కొత్తవి వేయడం. ది బీస్ట్‌కి 2022 సీజన్ ముందు గ్రావిటీ గ్రూప్ అనే సంస్థ రెండువేల అడుగుల పైచిలుకు ట్రాక్ మార్చింది, మొదటి దిగుడు 45 డిగ్రీల నుంచి 53 డిగ్రీలు అయింది. పేరు, చీకటి అడవిలో ఆ పరుగు, చివరి సుడి అన్నీ అలాగే ఉన్నాయి. పాత చెక్క కోస్టర్ విషయంలో నేను ముందు అడిగేది ఎప్పుడూ ఇదే.

రెండోది, బాగా గొడవలు రేపేది, రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్ అనే కంపెనీ వాళ్ల పద్ధతి. చెక్క చట్రంలో పనికొచ్చేది ఉంచి, దాని మీద స్టీల్ ట్రాక్ వేస్తారు. 2011లో టెక్సస్ జెయింట్ అనే కోస్టర్‌తో మొదలైంది. ఒహాయోలోనే ఉన్న సీడార్ పాయింట్ పార్కులో 1991 నాటి మీన్ స్ట్రీక్ 161 అడుగుల చెక్క కోస్టర్, 2016లో మూసి 2018లో స్టీల్ వెంజెన్స్‌గా తెరిచారు, ఇప్పుడది 205 అడుగులు, నిట్టనిలువు దిగుడు, నాలుగుసార్లు తలకిందులు. మీన్ స్ట్రీక్ మొదటి దిగుడు మీదే బ్రేకులు వేసి వేగం తగ్గించాల్సి వచ్చేది. అంటే దాని చెక్క ట్రాక్‌కి ఆ ఎత్తు బరువైపోయింది. అలాంటిదాన్ని మార్చడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. కానీ అదే మందు ప్రతి పాత కోస్టర్‌కీ వేయమంటే ఒప్పుకోను. కింగ్స్ ఐలాండ్‌లో 1972 నాటి ది రేసర్ అనే చెక్క కోస్టర్ మీద మనవడూ తాతా పక్కపక్కన కూర్చోగలరు. స్టీల్ వెంజెన్స్ మీద మా నాన్నని కూర్చోబెట్టలేను. కుటుంబమంతా ఎక్కగలిగే కోస్టర్ పోతే ఆ లోటు ఇంకో పెద్ద కోస్టర్‌తో తీరదు.

ఇంకో ఊరికి తీసుకెళ్లడం కూడా ఉంది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో మూతపడి పడి ఉన్న ఒక చెక్క కోస్టర్‌ని విప్పి పెన్సిల్వేనియాకి తరలించి 1985లో కనోబెల్స్ పార్కులో ఫీనిక్స్ పేరుతో నిలబెట్టారు, ఈ రోజుకీ అభిమానులు నెత్తిన పెట్టుకునే కోస్టర్ అది. శాన్ డియేగోలో 1925 నాటి జెయింట్ డిప్పర్ 1976లో మూతపడితే ఊరివాళ్లే కమిటీ కట్టి కాపాడుకున్నారు, 1990లో మళ్లీ నడిచింది. మూతపడిందంటే అయిపోయినట్టు కాదనడానికి ఈ రెండూ చాలు.

పార్కుకి రాసేటప్పుడు

కోపంగా పేజీలు రాయకండి. తేదీ, గంట, వాతావరణం, రైలు రంగు, డబ్బా, వరస, కుదుపు ఏ గుట్ట తర్వాత ఏ మలుపులో వచ్చింది, ఇన్నే రాయండి. "మూడో గుట్ట కింద, రెండు రైళ్లలోనూ, వెనక వరసల్లో" అని రాసిన ఉత్తరం మెయింటెనెన్స్ వాళ్ల దాకా వెళ్తుంది. "చెత్తగా ఉంది" అని రాసినది వెళ్లదు. మార్పు చేస్తే ఆ సీజన్‌లో మళ్లీ ఎక్కి బాగుందని కూడా రాయండి, మనవాళ్లు ఈ రెండోది చేయరు. 1978 నుంచి ఉన్న అమెరికన్ కోస్టర్ ఎంతూసియాస్ట్స్ సంఘంలో చేరితే చరిత్ర తెలిసినవాళ్లు దొరుకుతారు. అన్నిటికంటే ముందు, కాపాడమని అడిగే కోస్టర్‌ని మీరు ఎక్కాలి. రోజుకి ఎంతమంది ఎక్కారన్న లెక్క పార్కు దగ్గర ఉంటుంది, వరస ఖాళీగా ఉన్న కోస్టర్ కోసం ఎవరూ చెక్క కొనరు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఇదంతా అమెరికా గొడవ అనుకోవద్దు. వండర్‌లా 2016లో మొదలైంది, అక్కడి రీకాయిల్ కోస్టర్‌కి కూడా మన ఎండలు, మన వానలు ఏటా తగులుతూనే ఉంటాయి. ఈసారి పిల్లలతో వెళ్లినప్పుడు ఏ వరసలో ఎలా ఉందో రెండు ముక్కలు ఫోన్‌లో రాసుకోండి, తేదీ వేయండి. వచ్చే ఏడు అదే వరసలో కూర్చుని పోల్చి చూడండి.