స్క్రోల్ సా కొనేముందు, స్విచ్ వేసేముందు

దసరా కొలువుకి చెక్క బొమ్మలు ఇంట్లోనే కోద్దామని ఈ వానల్లో స్క్రోల్ సా, అంటే సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కని వంపులుగా కోసే మిషను, కొనబోతున్నారా? మోటారు ఎన్ని వాట్లని అడిగేముందు మిషను ఎంత అదురుతుందో చూడండి. బోల్టులు వదులైనా, బ్లేడు తెగినా, గీత తప్పినా చాలాసార్లు కారణం ఆ అదురే. కొట్లోనే నడిపించి, చెక్క పెట్టి కోసే పలక మీద పది రూపాయల బిళ్ళని అంచు మీద నిలబెట్టండి. వేగం పెంచుతున్నా బిళ్ళ నిలబడితే సందేహించక్కర్లేదు. పోత ఇనుము దిమ్మ ఉన్నది మోయడం కష్టమే, అయినా అదే తీసుకోండి.

ఆ తర్వాత బ్లేడు బిగింపులు. నా మొదటి మిషను మోటారుకి ఏమీ కాలేదు. పై బిగింపు స్క్రూ మర అరిగిపోయి బ్లేడు మాటిమాటికీ జారేది. ఆ ఒక్క ముక్కా విడిగా దొరక్క మిషను మూలన పడింది. అందుకే విడిభాగాలు దొరుకుతాయో లేదో డబ్బు కట్టకముందే అడగండి. పిన్ను (బ్లేడు చివర్లలో ఉండే అడ్డ పుల్ల) లేని 5 అంగుళాల బ్లేడు పట్టేదైతే మేలు. పిన్ను బ్లేడు దూర్చాలంటే చెక్కకి పెద్ద కన్నం వేయాలి, బొమ్మ కన్ను లాంటి సన్నపనికి అది కుదరదు.

అమెరికా నుంచి పిల్లలు తెస్తామంటే ముందే చెప్పండి, అక్కడివి 120 వోల్టుల మిషన్లు. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది.

ప్లగ్గు పీకేశాకే బ్లేడు ఎక్కించండి. పళ్ళు కిందికి చూడాలి. తిరగేసి ఎక్కిస్తే చెక్కని పైకెత్తి పలక మీద దబదబా బాదుతుంది, కింద వేళ్ళుంటే నలుగుతాయి. వేలితో మీటితే బ్లేడు తంబురా తీగలా టింగుమనాలి. మొద్దుగా పలికితే ఇంకా బిగించాలి.

చున్నీ, పొడుగు చేతులు, జారే గాజులు వద్దు. గ్లోవ్స్ అసలే వద్దు. కళ్ళజోడు, మాస్కు మాత్రం తప్పనిసరి. ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన షీటు) పొడి మరీ సన్నం, ఊపిరితిత్తుల దాకా పోతుంది.

తడి చెక్క బ్లేడుని పట్టేస్తుంది. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రని సన్న సెగకి ఆరబెట్టాకే బొమ్మ చెక్కుతారు. మీరూ చెక్కని బాగా ఆరనివ్వండి. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడకండి, ఎర్త్ ఉన్న ప్లగ్గే వాడండి. పని అయ్యాక బ్లేడు బిగువు వదులు చేసి, పలక తుడిచి మైనం పూయండి. ఈ చెమ్మకి రాత్రికి రాత్రే తుప్పు పట్టేస్తుంది.