బాల్కనీలో గువ్వ గూడు పెట్టిందా? ఈ నెల రోజులు ఇలా చూసుకోండి

పొద్దున్నే బట్టలు ఆరేద్దామని బాల్కనీలోకి వెళ్తే మనీ ప్లాంట్ కుండీలో పది పదిహేను చీపురు పుల్లలు, వాటి మీద కదలకుండా ముడుచుకుని కూర్చున్న ఒక గువ్వ కనిపించిందనుకోండి, ముందు చేయాల్సింది ఒక్కటే. అడుగు వెనక్కి వేసి తలుపు మెల్లగా దగ్గరికి వేయండి. ఫోటో తర్వాత తీసుకోవచ్చు. గూడు కొత్తగా కట్టుకుంటున్నప్పుడూ, గుడ్లు పెట్టిన మొదటి నాలుగైదు రోజుల్లోనూ గువ్వకి బెదురు ఎక్కువ, ఊరికే ఊరికే లేపితే గుడ్లు వదిలేసి వెళ్లిపోతుంది. పిల్లలు వచ్చాక మాత్రం అంత సులువుగా వదలదు.

మా ఇంట్లో ఇప్పటికి అయిదు సార్లు గూడు పెట్టాయి. మొదటిసారి నాకేమీ తెలియక రోజుకి పదిసార్లు తొంగి చూశాను, మూడో రోజుకి రెండు గుడ్లూ అలాగే చల్లగా ఉండిపోయాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు మీ ఇంటికొచ్చింది ఎవరో చూసుకోండి. మన ఊళ్లలో ఇళ్ల చుట్టూ తిరిగేవి ముఖ్యంగా మూడు రకాలు. మెడ ముందు భాగంలో నల్లటి చుక్కల పట్టీ ఉండి, ఒళ్లు ఇటుకపొడి కలిసిన గులాబీ రంగులో, రెక్క అంచు బూడిద నీలంగా ఉంటే అది చిట్టి గువ్వ, మేడల మీద, బాల్కనీల్లో ఎక్కువగా గూడు పెట్టేది ఇదే. మెడ వెనక నల్లటి మచ్చ మీద తెల్ల చుక్కలు చల్లినట్టు ఉంటే పొడల గువ్వ, దీనికి చెట్లున్న పెరడు ఇష్టం. ఒళ్లంతా లేత బూడిద రంగు, మెడ వెనక ఒకే ఒక్క నల్ల గీత ఉంటే పెద్ద గువ్వ, ఇది పొలాల వైపు, తుమ్మచెట్ల మీద ఎక్కువ. ఈ మూడూ కాక బరువుగా, నీలం బూడిద రంగులో, గుంపులుగా వచ్చేది పావురం, దాని సంగతి వేరే.

గువ్వ గూడు చూసి చాలామంది జాలిపడి సాయం చేయబోతారు. నిజమే, కింద నుంచి చూస్తే గుడ్లు కనిపించేంత పల్చగా ఉంటుంది, ఇదేం గూడు, పడిపోదా అనిపిస్తుంది. అది కట్టేదే అలా. దూది పెట్టడం, పాత గుడ్డ పరచడం వద్దు, పిల్లల కాళ్లకి దారాలు చుట్టుకుంటే కాలు వాచి పోతుంది. నిజంగా జారిపోయేలా ఉంటే, గువ్వ లేని సమయం చూసి కింద ఒక చిన్న వెదురు బుట్టనో, అడుగున చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బానో తీగతో కట్టండి, గూడు మాత్రం ఉన్నచోటే ఉండాలి. జానెడు పక్కకి జరిపినా అది పాత చోటికే వచ్చి వెతుక్కుంటుంది.

ఇక రోజుల లెక్క. క్యాలెండర్ మీద రాసుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది. ఒకటి రెండు రోజుల తేడాతో తెల్లటి గుడ్లు రెండు పెడుతుంది, రెండోది పెట్టాకే గట్టిగా పొదుగుతుంది, అక్కడి నుంచి 13 నుంచి 15 రోజుల్లో పిల్లలు. అవి ఎగరడానికి ఇంకో రెండు వారాలు. అంటే మొత్తం నెల. మొదటి రోజుల్లో గూడు మీద ఎవరూ లేకపోతే కంగారు పడకండి, రెండో గుడ్డు వచ్చేదాకా అంతే. పొదిగేది తల్లి ఒక్కతే అనుకుంటాం గానీ, ఎక్కువగా పగటిపూట మగది, సాయంత్రం నుంచి మర్నాడు పొద్దున దాకా ఆడది కూర్చుంటాయి. మా బాల్కనీలో దాదాపు తొమ్మిదిన్నరకి డ్యూటీ మారేది. వచ్చినది ముందు ఎదురుగా కరెంటు తీగ మీద వాలి చుట్టూ చూసి, తర్వాత పిట్టగోడ మీదికి, అక్కడి నుంచి కుండీ అంచుకి వచ్చి, గొంతులో గుర్రుగుర్రుమంటూ పక్కన నిలబడితే కూర్చున్నది మెల్లగా లేచి దారి ఇచ్చేది, అర నిమిషం కూడా గుడ్లు ఖాళీగా ఉండేవి కావు. ఆ సమయంలో మీరు బట్టలు తీయడానికి వెళ్లకండి చాలు.

20 రోజులు దాటినా పిల్లలు రాలేదంటే ఆ గుడ్లు ఇక పిల్లలు కావన్నమాట. గువ్వలు వాటంతట అవే లేచి వెళ్లిపోతాయి. మూడు నాలుగు రోజులు చూసి, ఆడదీ మగదీ రెండూ రావడం లేదని ఖాయం చేసుకున్నాకే గుడ్లు తీయండి.

పిల్లలు పుట్టగానే చూస్తే ఎవరికైనా గుబులేస్తుంది. కళ్లు మూసుకుని, ఒంటి మీద పసుప్పచ్చటి నూగు, ఒళ్లు కన్నా పెద్ద ముక్కు. వాటికి ఏదైనా పెట్టాలనిపిస్తుంది. దయచేసి పెట్టకండి. గువ్వలకి మెడ కింద గింజలు నిలవ చేసుకునే తిత్తి ఒకటి ఉంటుంది, పిల్లలు పుట్టే వేళకి ఆ తిత్తి లోపలి పొర నుంచి పెరుగు ముద్దలాంటిది తయారవుతుంది, తల్లికీ తండ్రికీ ఇద్దరికీ. మొదటి నాలుగైదు రోజులు పిల్లలకి అదే తిండి, తర్వాత మెల్లగా నానిన గింజలు కలుపుతాయి. పిల్ల తన ముక్కుని పెద్దదాని నోట్లో పెట్టి తాగుతుంది. అందుకే మనం సిరంజితో, చెంచాతో నోట్లో నీళ్లు, ఆవుపాలు పోస్తే అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్ల చచ్చిపోతుంది.

ఈ నెలలో ఇంటి పనులు ఆగవు కదా. ఆ కుండీకి నీళ్లు పోయాలంటే సాయంత్రం పూట అంచున, ఓ గ్లాసుతో, మట్టికి తగిలేలా పోయండి. ఆ చుట్టుపక్కల మొక్కలకి పురుగుమందు కొట్టకండి. ఏసీ బయట పెట్టె మీద గూడు ఉంటే ఏసీ వేసుకోవచ్చు, ఆ శబ్దానికి అవి అలవాటు పడతాయి, ఫ్యాన్ జాలీకి ఆనుకుని పెడితే మాత్రం ఆపేయాలి. ఇంట్లోపల వెంటిలేటర్ మీదో, ట్యూబ్‌లైటు పట్టీ మీదో పెడితే ఆ గదిలో సీలింగ్ ఫ్యాన్ వేయొద్దు, ఇది చాలా ముఖ్యం, ఫ్యాన్ రెక్క తగిలితే పిట్ట బతకదు. ఎండాకాలం పడమటి ఎండ నేరుగా పడుతుంటే రెండు మూడడుగుల దూరంలో ఒక గోనెపట్టా వేలాడదీయండి, గాలికి కొట్టుకోకుండా రెండు చివర్లూ కట్టి.

దగ్గరికి వెళ్లక తప్పనప్పుడు మెల్లగా, పక్కనుంచి వెళ్లండి. ఒకసారి నేను వాడిపోయిన ఆకు తీద్దామని చెయ్యి పెడితే, అంత చిన్న పిట్ట ఒక రెక్క పైకెత్తి నా వేళ్ల మీద ఛట్‌మని కొట్టింది. లేవలేదు, పారిపోలేదు. ఆ తర్వాత మా అత్తయ్య "గుడ్ల మీదున్న పిట్ట జోలికి పోకూడదమ్మా" అని బాల్కనీ తాళంచెవి తన కొంగుకి ముడేసుకుంది.

మేత గూటి దగ్గర పెట్టకండి. ఇదొక్కటీ చాలామంది పొరపాటు చేసేచోట. గింజలు చూసి కాకులు వస్తాయి, గింజలు అయ్యాక వాటి చూపు గుడ్ల మీద పడుతుంది. మేత పెట్టాలనుంటే డాబా మీద, గూటికి దూరంగా, సజ్జలు, కొర్రలు, జొన్నలు, బియ్యం నూకలు గుప్పెడు చల్లండి, వండిన అన్నం, ఉప్పు కారం తగిలినవి వద్దు. మీ ఏరియాలో పావురాలు ఎక్కువుంటే గింజలు అసలే వద్దు, నాలుగు రోజుల్లో గుంపు దిగి గువ్వల్ని తరిమేస్తుంది. నీళ్లు చాలు. వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాల లోతు, రోజూ పీచుతో రుద్ది కడిగి మార్చాలి. గువ్వ మిగతా పిట్టల్లా తల పైకెత్తి మింగదు, ముక్కు ముంచి గటగటా పీల్చేస్తుంది, దగ్గరుండి చూస్తే భలే ముచ్చటగా ఉంటుంది.

పిల్లికి దారి లేకుండా గోడ పక్కన ఉన్న స్టూలు, నిచ్చెన తీసేయండి. చీమలు బారు కట్టి గూడు వైపు వెళ్తుంటే ఇక ఆలస్యం చేయొద్దు, అప్పుడే పుట్టిన పిల్లల్ని కుట్టి చంపేస్తాయి. చీమల మందు చల్లకుండా తడిగుడ్డతో దారి తుడిచి, వేలాడే కుండీ అయితే పైన కొక్కేనికి కాస్త వాజిలీన్ రాయండి.

పిల్ల కింద పడితే? ఈకలు రాని పిల్ల అయితే చేత్తో తీసి మళ్లీ గూట్లో పెట్టేయండి. మనిషి వాసన తగిలితే తల్లి రాదన్నది నిజం కాదు. ఒళ్లు చల్లగా ఉంటే ముందు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబడనివ్వండి. ఈకలన్నీ వచ్చి, తోక పొట్టిగా ఉండి, నేల మీద గంతులేస్తుంటే అది పడిపోయింది కాదు, ఎగరడం నేర్చుకుంటోంది, పిల్లీ కుక్కా రాని ఎత్తులో, ఓ కొమ్మ మీదో కుండీలోనో కూర్చోబెట్టి దూరంగా జరగండి. పెద్దవి ఇంకో వారం అలా వచ్చి తినిపిస్తూనే ఉంటాయి. పిల్లి నోట పడినదో, మాంజా దారానికి రెక్క తెగినదో అయితే గాలి ఆడే అట్టపెట్టెలో, చీకట్లో పెట్టి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, హైదరాబాద్‌లో అయితే జంతువుల్ని కాపాడే బ్లూ క్రాస్ సంస్థ ఉంది. పిల్లి పంటి గాటు పైకి చిన్నగా కనిపించినా లోపల చీము పడుతుంది, రేపు చూద్దాంలే అనుకోవద్దు.

గువ్వల్ని పట్టి పంజరంలో పెట్టుకోవడం, గుడ్లు తీసిపారేయడం 1972 వన్యప్రాణుల సంరక్షణ చట్టం కింద నేరం. అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా రెట్టలు పడుతున్నాయని గూడు తీయించేయమంటే ఈ మాట చెప్పండి, తర్వాత గూటి కింద ఓ పాత న్యూస్‌పేపర్ పరిచి రెండ్రోజులకోసారి మార్చండి, గొడవ ఉండదు.

పిల్లలు ఎగిరిపోయాక వారం ఆగి శుభ్రం చేయండి. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఎండిన రెట్టల మీద ముందు నీళ్లు చల్లి తడిపాకే గీకాలి, పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఆ చోటు నచ్చితే నెల తిరక్కుండానే మళ్లీ వస్తాయి, మీకు అక్కడ వద్దనుకుంటే తీయాల్సిన సమయం పుల్లలు మోస్తున్న మొదటి రోజే, కుండీ లోపలికి తీసేసుకోండి, అవి ఇంకోచోటు చూసుకుంటాయి. మాకైతే నిన్న మధ్యాహ్నం నుంచి మళ్లీ పుల్లలు మొదలయ్యాయి, మగది ఒక్కొక్కటే తెచ్చి ఆడదాని వీపు మీదుగా అందిస్తోంది, బట్టల తీగ ఇవాళ పెరట్లోకి మార్చాం.