రెండు రోజుల ఫోన్ ఉపవాసం: ముందురోజే సర్దుకోవలసిన పనులు

తిరుమలలో దర్శనానికి వెళ్ళేముందు ఫోన్‌ను కౌంటరులో అప్పగించి, రసీదు జేబులో పెట్టుకుని, కంపార్టుమెంటులో గంటల తరబడి కూర్చున్నవారు మనలో చాలామందే ఉంటారు. ఆ సమయంలో ఫోన్ లేదని ఎవరూ విలవిలలాడరు. పక్కవారితో ఊరూ పేరూ కలుపుతారు, పిల్లల చేత గోవిందనామాలు చెప్పిస్తారు, కాసేపు కునుకు తీస్తారు. అదే మనిషి ఇంట్లో ఆదివారం పూట ఒక్క గంట ఫోన్ ముట్టుకోకుండా ఉండాలంటే మాత్రం ఉండలేకపోతాడు. ఈ తేడాకు కారణం మనోబలం కాదని నా నమ్మకం. కొండ మీద మన ఫోన్ మన చేతికి అందదు, మనం దర్శనంలో ఉన్నామని ఇంటివారికి ముందే తెలుసు, ఫోన్‌తో చేయవలసిన పని కూడా అక్కడ ఏదీ ఉండదు. ఈ మూడింటినీ ఇంటి దగ్గర కూడా ఏర్పాటు చేసుకోగలిగితే, శుక్రవారం రాత్రి పక్కన పెట్టిన ఫోన్‌ను సోమవారం ఉదయం వరకు తీయకుండా ఉండడం మీరు అనుకున్నంత కష్టం కాదు.

ఏకాదశి ఉపవాసం పాటించేవారు దశమినాడు ఒంటిపూట భోజనంతోనే అందుకు సిద్ధమవుతారు, ద్వాదశి పారణతో ముగిస్తారు. ఫోన్ ఉపవాసానికి కూడా అలాంటి దశమి ఒకటి ఉండాలి. నా మొదటి ప్రయత్నంలో ఆ సన్నాహమేమీ లేకుండా, శనివారం ఉదయం లేచి ఫోన్ ఆపివేసి బీరువాలో పెట్టాను. పదకొండు గంటలకు గ్యాస్ సిలిండర్ వచ్చింది. సిలిండర్ గుమ్మంలో దించిన అబ్బాయి చేతి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ‘కోడ్ చెప్పండి’ అన్నాడు. కోడ్ ఫోన్‌లో ఉంది, ఫోన్ బీరువాలో ఉంది. తీసి ఆన్ చేసి నాలుగు అంకెలు చదివి చెప్పేలోపు సందేశాలు వరసగా వచ్చి పడ్డాయి, వాటికి జవాబులిస్తూ మంచం మీదే కూర్చుండిపోయాను, ఉపవాసం అక్కడితో భంగమైపోయింది. అందుకే ఆ రెండు రోజుల్లో గ్యాస్ గానీ, పార్సిల్ గానీ, ఓటీపీ అడిగే మరే వస్తువు గానీ ఇంటికి వచ్చేలా బుక్ చేయకండి. కరెంటు బిల్లు, రీఛార్జి, వాయిదా చెల్లింపుల గడువులు ఆ రోజుల్లో పడుతున్నాయేమో చూసుకుని ముందే కట్టేయండి.

తరువాత ఒక కాగితం తీసుకుని, నిన్న ఉదయం నుంచి రాత్రి వరకు ఫోన్‌ను ఏయే పనులకు వాడారో రాయండి. గడియారం, అలారం, టార్చి, క్యాలెండరు, పర్సు, ఆటో, దారి చూపే పటం, ఫోన్ నంబర్ల పుస్తకం, గుర్తింపు కార్డు, టికెట్ అని ఆ జాబితా పెరుగుతూనే ఉంటుంది. ఒక్కొక్కదానికి ఎదురుగా బదులు వస్తువు ఏదో రాసి, దాన్ని నిజంగా తెచ్చి బల్ల మీద పెట్టండి. అన్నిటికంటే ముందు అలారం గడియారం కొనాలి, ఎందుకంటే టైము చూడడానికి ఫోన్ తీసినవాడు టైము ఒక్కటే చూసి దాన్ని పక్కన పెట్టడం అరుదు. యూపీఐ 2016లో వచ్చాక నోట్లు ఉంచుకునే అలవాటే పోయింది కాబట్టి శుక్రవారమే ఏటీఎంకు వెళ్ళాలి. అయితే అక్కడ చేతికొచ్చే ఐదువందల నోట్లతో కూరగాయల బండి దగ్గర పని జరగదు. వాటిని వెంటనే పెట్రోలు బంకులోనో కిరాణా కొట్టులోనో మార్చి, పది, ఇరవై, యాభై, వంద నోట్లు విడిగా పెట్టుకోండి. ప్రయాణం ఉంటే రైలు టికెట్‌ను కాగితం మీద అచ్చు తీసుకుని, డిజీలాకర్‌లో చూపించే ఆధార్‌కూ డ్రైవింగ్ లైసెన్సుకూ బదులు అసలు కార్డులనే వెంట ఉంచుకోవాలి.

ఫోన్ నంబర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చిన్న జేబు డైరీ ముందు పెట్టుకుని, ఫోన్ చూడకుండా, మీకు నోటికి వచ్చిన నంబర్లు రాసి చూడండి. నాకు ఎప్పుడో తీసేసిన మా పాత ల్యాండ్‌లైన్ నంబరు తడుముకోకుండా వచ్చింది గానీ, రోజూ మాట్లాడే చెల్లెలి నంబరులో నాలుగో అంకె దగ్గరే పెన్ను ఆగిపోయింది. ఫోన్ పోయినా, దారిలో ప్రమాదం జరిగినా ఆ నంబరే కదా కావలసింది! కనుక ఇంటివారివి, పక్కింటివారివి, డాక్టరుగారిది కలిపి పది నంబర్లు డైరీలో రాసుకోండి. వాటిలో రెండు కంఠతా పట్టండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108 ఏ ఫోన్ నుంచైనా చేయవచ్చునని ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి.

ఇక మనుషులకు చెప్పడం. గ్రూపుల్లో పెద్ద ప్రకటన అక్కరలేదు. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసే అమ్మకు మాత్రం మీరే స్వయంగా ఫోన్ చేసి చెప్పండి. ‘అమ్మా, రేపూ ఎల్లుండీ నా ఫోన్ ఆపేసి ఉంటుంది, ఏదైనా అవసరమైతే పక్కింటి అత్తయ్యకు చెయ్యి, సోమవారం పొద్దున్నే నేనే చేస్తాను’ అని ఒక్క మాట చెప్పకపోతే, ఆమె రాత్రంతా కంగారుపడుతుంది, ఆ కంగారుకు కారణం మనమే అవుతాం. ఇంట్లో ప్రసవానికి దగ్గరపడినవారున్నా, ఆసుపత్రిలో ఎవరైనా ఉన్నా, ఎప్పుడు పిలుపు వచ్చినా వెళ్ళవలసిన ఉద్యోగం అయినా ఉపవాసాన్ని మరో వారానికి వాయిదా వేయాలి.

పూర్తిగా ఆపడం కుదరనివారు సిమ్ తీసి బటన్ ఫోన్‌లో వేసుకోవచ్చు. కాల్స్, ఓటీపీలు వస్తాయి, మిగిలినవేవీ రావు. మామూలు బటన్ ఫోన్లు పనిచేసే 2జీ సేవ జియోకు లేదు కనుక ఆ సిమ్‌కు 4జీ బటన్ ఫోనే కావాలి. ఫోన్‌లోనే ఇమిడి ఉండి, బయటికి తీయడానికి వీలుకాని ఈ-సిమ్ ఉన్నవారికి ఈ పద్ధతి పనికిరాదు. తిరిగి వేసుకున్నాక కొన్ని చెల్లింపు యాప్‌లు మళ్ళీ ధ్రువీకరణ అడగవచ్చు. కాల్ ఫార్వర్డింగ్‌ను నమ్ముకునేవారు అది కాల్స్‌ను మాత్రమే మళ్ళిస్తుందనీ, ఓటీపీ సందేశాలు దానితో వెళ్ళవనీ గుర్తుంచుకోవాలి.

కంప్యూటర్‌లో వాట్సాప్ తెరిచి ఉంటే దాన్ని కూడా లాగౌట్ చేయాలి. ఫోన్ ఆపివేసినా జతచేసిన కంప్యూటర్‌లో అది 14 రోజుల వరకు పనిచేస్తూనే ఉంటుంది, అప్పుడు ఉపవాసం పేరుకే మిగులుతుంది. శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక ఫోన్ ఆపి, బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఇంట్లో మరొకరి చేతికివ్వండి. తాళంచెవి మన దగ్గరే ఉంటే తాళం వేసినా వేయనట్టే.

శనివారం ఉదయం కష్టంగానే ఉంటుంది. టీ గ్లాసు కింద పెట్టగానే చేయి దానంతట అదే జేబులోకి వెళుతుంది, లేని ఫోన్ మోగినట్టు అనిపిస్తుంది. చేయి వెళ్ళిన ప్రతిసారీ జేబులోని డైరీ తీసి, అప్పుడు ఏం చూడాలనిపించిందో ఒక ముక్క రాయండి. మధ్యాహ్నానికి ఆ రాతలు తగ్గుతాయి. ఖాళీగా కూర్చోకుండా చేతులకు పని కల్పించుకోవడం మంచిది. చింతపండు గింజలు తీయడం, సైకిలు తుడవడం, పాత ఆల్బంలో ఫొటోల వెనుక పేర్లు రాయించుకోవడం వంటివి ఏవైనా సరే. నేను మా పెద్దమ్మ ఇంటికి ముందుగా చెప్పకుండా వెళ్ళాను. ఆవిడ తలుపు తీసి, చేతిలో గరిటె అలాగే ఉండగా, ‘ఏమైందిరా, అంతా బాగానే ఉన్నారా’ అని అడిగింది. ఏమీ కాలేదని, ఊరికే వచ్చానని చెప్పాక కూడా నమ్మడానికి ఆవిడకు కాసేపు పట్టింది. ఆ రోజు ఆవిడ దగ్గర మూడు గంటలున్నాను.

రెండు రోజులు మరీ ఎక్కువ అనుకునేవారు మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్‌గావ్ పద్ధతితో మొదలుపెట్టవచ్చు. అక్కడ 2022 నుంచి సాయంత్రం ఏడింటికి గుడి నుంచి సైరన్ మోగగానే ఊరంతా గంటన్నర సేపు ఫోన్లు, టీవీలు పక్కన పెట్టేస్తారు. ఇంటిల్లిపాదీ కలిసి మానడమే అందులోని బలం. పిల్లల ఫోన్ లాక్కుని పెద్దలు తమది చూసుకునే ఇంట్లో ఇది ఒక్క సాయంత్రం కూడా నిలవదు. రెండు రోజులు అలవాటైనవారు మౌనంగా ధ్యానం నేర్పే విపశ్యన పదిరోజుల శిబిరానికి వెళ్ళవచ్చు. హైదరాబాద్ శివార్లలోని ధమ్మఖేత్త వంటి కేంద్రాలలో వచ్చిన రోజే ఫోన్ అప్పగించాలి. అత్యవసరమైతే ఇంటివారు చేయడానికి కేంద్రం కార్యాలయం నంబరును ముందే ఇంట్లో రాసి ఉంచండి.

ఉపవాసం విడవడం రాత్రిపూట వద్దు, నిద్ర చెడుతుంది. సోమవారం ఉదయం కాఫీ తాగాక, కూర్చుని, ఫోన్ ఆన్ చేసి, సందేశాలన్నీ వచ్చి ఆగేవరకు దాన్ని బోర్లించి ఉంచండి. ముందు అమ్మకు ఫోన్ చేయండి. తరువాత తప్పిపోయిన కాల్స్, బ్యాంకు సందేశాలు, ఆపైన మనుషులు విడివిడిగా రాసినవి చూడండి. గ్రూపులు చిట్టచివర, అవి కూడా మొదటినుంచి చదవక్కరలేదు. అలారం గడియారాన్ని మాత్రం తీసేయకుండా మంచం పక్కనే ఉంచి, ఆ రాత్రి నుంచి ఫోన్‌కు ఛార్జింగ్ వంటింట్లో పెట్టండి.