ఎక్స్‌టెన్షన్ పిలిస్తే నేటివ్ ప్రోగ్రామ్ పలకడం లేదా?

ఎన్‌పీఏపీఐ ప్లగిన్లను (బ్రౌజర్‌లోనే నేటివ్ కోడ్ నడిపే పాత పద్ధతి) క్రోమ్ 2015లో, 45వ వెర్షన్‌తో పూర్తిగా తీసేసింది. ఇప్పుడు ఎక్స్‌టెన్షన్ నుంచి సిస్టమ్‌లోని ప్రోగ్రామ్‌ను నడపాలంటే నేటివ్ మెసేజింగ్ వాడాలి. బ్రౌజర్ మీ హోస్ట్ ప్రోగ్రామ్‌ను విడి ప్రాసెస్‌గా లేపి, స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల మీదుగా జేసన్ (డేటాను టెక్స్ట్‌గా రాసే పద్ధతి) సందేశాలతో మాట్లాడుతుంది.

"హోస్ట్ దొరకలేదు" అంటోంది

హోస్ట్ మేనిఫెస్ట్ (హోస్ట్ పేరు, ప్రోగ్రామ్ ఉన్న చోటు, దాన్ని పిలవగల ఎక్స్‌టెన్షన్లు రాసే ఫైల్) బ్రౌజర్ వెతికే చోట లేదు. విండోస్‌లో రిజిస్ట్రీ కీకి ఇవ్వాల్సింది మేనిఫెస్ట్ పాత్. చాలామంది ప్రోగ్రామ్ పాత్ ఇచ్చేస్తారు. లినక్స్, మ్యాక్‌లలో క్రోమ్‌కు ఒక ఫోల్డర్, క్రోమియంకు ఒకటి, ఫైర్‌ఫాక్స్‌కు ఇంకొకటి. హోస్ట్ పేరులో హైఫన్, పెద్ద అక్షరాలు ఉంటే క్రోమ్ ఒప్పుకోదు.

"అనుమతి లేదు" అంటోంది

హోస్ట్ మేనిఫెస్ట్‌లో రాసిన ఎక్స్‌టెన్షన్ ఐడీ, అసలు ఐడీ ఒకటి కావు. ప్యాక్ చేయని ఎక్స్‌టెన్షన్‌కు క్రోమ్ ఫోల్డర్ పాత్‌ను బట్టి ఐడీ ఇస్తుంది కాబట్టి, మీ దగ్గర నడిచింది పక్కవాళ్ల మెషీన్‌లో నడవదు. ఎక్స్‌టెన్షన్ సొంత మేనిఫెస్ట్‌లో 'కీ' ఫీల్డ్ పెడితే ఐడీ స్థిరపడుతుంది.

టెర్మినల్‌లో నడుస్తుంది, బ్రౌజర్ లేపితే వెంటనే ఆగిపోతుంది

మ్యాక్‌లో డాక్ నుంచి తెరిచిన బ్రౌజర్‌కు మీ షెల్ పాత్ సెట్టింగులు (ప్రోగ్రామ్‌లను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పేవి) అందవు. అందుకే స్క్రిప్ట్‌కు నోడ్ (జావాస్క్రిప్ట్‌ను నడిపే ఇంటర్‌ప్రెటర్) కనిపించదు. మొదటి లైనులో ఇంటర్‌ప్రెటర్ పూర్తి పాత్ రాయండి. లినక్స్‌లో ఎగ్జిక్యూట్ అనుమతి ఉందో లేదో చూడండి. విండోస్‌లో పైథాన్ స్క్రిప్ట్‌ను బ్యాచ్ ఫైల్‌తో పిలవండి.

ఒక్కోసారి జవాబు వస్తుంది, ఒక్కోసారి రాదు

రోజులు తినేసే సమస్య ఇదే. ప్రతి సందేశానికీ ముందు 4 బైట్లలో దాని పొడవు వెళ్లాలి. విండోస్‌లో సీ ప్రోగ్రామ్ అవుట్‌పుట్ మామూలుగా టెక్స్ట్ మోడ్‌లో ఉంటుంది. 10 అనే బైట్ కనబడితే దాన్ని కొత్త లైను అనుకుని ముందు 13 చేరుస్తుంది. మీ జవాబు సరిగ్గా 10 బైట్లనుకోండి. 10, 0, 0, 0 అని వెళ్లాల్సిన చోట 13, 10, 0, 0, 0 వెళ్తాయి. బ్రౌజర్ మొదటి నాలుగూ చదివి, పొడవు 2573 (13 + 10×256; చిన్న విలువ బైట్ ముందు వస్తుంది) అనుకుని మిగతా బైట్ల కోసం కూర్చుంటుంది. 9 బైట్ల జవాబైతే చక్కగా చేరుతుంది, అందుకే అనుమానం ఇటు రాదు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండింటినీ మొదట్లోనే బైనరీ మోడ్‌కు మార్చండి.

డీబగ్ కోసం పెట్టిన ప్రింట్ కూడా ఇంత పనీ చేస్తుంది. ఇంగ్లీషులో 'స్టార్టెడ్' అని చిన్న అక్షరాల్లో ప్రింట్ చేస్తే, మొదటి నాలుగు అక్షరాలు పొడవుగా మారి దాదాపు 192 కోట్ల బైట్లవుతాయి. హోస్ట్ పంపే సందేశానికి పరిమితి 1 ఎంబీ. బ్రౌజర్ కనెక్షన్ తెంచేస్తుంది. లాగ్‌లన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కు గానీ ఫైల్‌కు గానీ పంపండి.

ఈ రెండూ సరిగానే ఉండి జవాబు మాత్రం ప్రోగ్రామ్ మూసేటప్పుడే వస్తుంటే, రాసిన ప్రతిసారీ ఫ్లష్ చేయడం (బఫర్‌లో ఆగిన డేటాను వెంటనే పంపడం) మరిచిపోయారు.