జ్వరాల సీజన్ ముందు: రక్తం ట్యూబు మెషిన్ ఎక్కేదాకా జాగ్రత్తలు

వానలు పడి కొన్నాళ్లు గడిచేసరికి జ్వరాల వాళ్లు వరుస కడతారు. మామూలు రోజుల్లో ఇరవై ట్యూబులు సర్దే చేతులే అప్పుడు వంద సర్దాలి. బస్తీ దవాఖానా అయినా, ఊళ్లో పీహెచ్‌సీ అయినా చాలా పరీక్షలకు రక్తం తీసేది ఒకచోట, మెషిన్ ఉండేది మరోచోట. దారిలో ట్యూబుకు ఏమైందో మెషిన్‌కు తెలియదు. తనకు అందినదాన్నే లెక్కపెడుతుంది.

డెంగీ రోజుల్లో అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల మీదే. అందుకే ఊదా మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) ట్యూబు దగ్గర ఎక్కువ జాగ్రత్త పడాలి. రక్తం గీత దాకా నింపి, వెంటనే 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేయండి. గట్టిగా ఊపితే కణాలు పగులుతాయి. అసలు కలపకపోతే చిన్న గడ్డ కట్టి, ప్లేట్‌లెట్లు అందులో చిక్కుకుని కౌంట్ తక్కువగా చూపిస్తుంది. నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో ఓ పిల్లాడికి 38 వేలు వచ్చింది. ఆ తల్లిదండ్రుల టెన్షన్ ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ట్యూబులో పుల్ల పెట్టి చూస్తే గడ్డ! మళ్లీ తీసిన రక్తంలో లక్షన్నర దాటింది. అప్పటి నుంచి కౌంట్ తక్కువ వస్తే గడ్డ ఉందేమో చూసి, మైక్రోస్కోపు కింద స్లయిడ్ కూడా చూశాకే రిపోర్టు వదులుతున్నాను. కొందరి రక్తంలో గడ్డ లేకపోయినా ఈడీటీఏ వల్లే ప్లేట్‌లెట్లు గుంపు కడతాయి, అది స్లయిడ్ మీదే తెలుస్తుంది.

సీరం (రక్తం గడ్డకట్టాక వేరుపడే ద్రవం) తీసే పసుపు మూత ట్యూబులో రక్తం చాలలేదని ఊదా ట్యూబులోంచి ఒంపకండి. పొటాషియం విపరీతంగా పెరిగి, కాల్షియం పడిపోయినట్టు వస్తుంది. జెల్ ఉన్న పసుపు ట్యూబును అరగంట నిలబెట్టి, రక్తం పూర్తిగా గడ్డకట్టాకే సెంట్రిఫ్యూజ్‌లో (ట్యూబును గిర్రున తిప్పి సీరం వేరు చేసే మెషిన్‌లో) పెట్టండి. తొందరపడితే సీరంలో మిగిలిన ఫైబ్రిన్ (గడ్డ కట్టించే ప్రోటీన్) దారాలు మెషిన్ ప్రోబ్‌కు, అంటే ద్రవం పీల్చే సూదికి, అడ్డుపడతాయి.

ప్యాకింగ్‌కు మూడు పొరలు ఉండాలి: మూత బిగించిన ట్యూబు, తడి పీల్చే దూదితో లీకు కాని కవరు, బయట గట్టి పెట్టె. ఫారాలు కవరు బయటే పెట్టండి. ట్యూబులు నిలువుగా ఉండాలి. ఐస్‌ప్యాక్ నేరుగా ట్యూబుకు తగలకుండా మధ్యలో అట్ట పెట్టండి, రక్తం ఐసులా బిగుసుకుపోయేంత చల్లబడితే కణాలు పగిలిపోతాయి. పొటాషియం చూడాల్సిన రక్తాన్ని సీరం వేరు చేయకుండా ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

ర్యాక్‌లో పెట్టేటప్పుడు బార్‌కోడ్ ముడతల్లేకుండా నిలువుగా, రీడర్ వైపు తిరిగి ఉండాలి. స్టిక్కర్ మీద స్టిక్కర్ అంటిస్తే ట్యూబు లావై ర్యాక్‌లో ఇరుక్కుంటుంది. మూతను గుచ్చి లోపలి ద్రవం తీసుకోలేని మెషిన్‌లో మూతతో పెడితే ప్రోబ్ వంగిపోవచ్చు. సీరం మీద బుడగ ఉంటే దాన్నే ద్రవం అనుకుని ప్రోబ్ గాలి పీలుస్తుంది. పిల్లల చిన్న ట్యూబులకు సరిపడే అడాప్టర్లు ఇప్పుడే తెప్పించి పెట్టుకోండి.

పెన్నుతో రాసిన పేరు ఐస్‌ప్యాక్ తడికి చెరిగిపోతుంది. పేరు చదవలేని ట్యూబు వస్తే ఎవరిదో ఊహించి ర్యాక్ ఎక్కించకండి. కలెక్షన్ సెంటర్‌కు ఫోన్ చేసి, రక్తం మళ్లీ తీయించండి.